నా గదిలో చేరనన్న మనిషి

ఏడో తరగతి పరీక్షలో ‘నీ చిరునామా రాయుము’ అని రెండు మార్కుల ప్రశ్న వచ్చింది. నాకు సున్నా వచ్చింది. ఇంటి నంబరు రాయాల్సిన చోట ‘కల్లు దుకాణం ఎదురుగా’ అని రాశాను. ఉత్తరం వేస్తే కచ్చితంగా చేరే చిరునామా అది. సారుకు మాత్రం నచ్చలేదు. మరుసటి ఏడు బడే మానేశాను. అలాంటివాణ్ణి ఇరవై ఏళ్లుగా హైదరాబాదులో ఇతరుల చిరునామాలు రాసి బతుకుతున్నాను. సారు ఎక్కడైనా ఎదురుపడితే ఆ రెండు మార్కులు అడిగి తీసుకుందామని చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడు చెప్పబోయేది ఆయన చదివితే తక్కిన మార్కులు కూడా కోసేస్తారు.

2024 వేసవి. నంబరు ప్లేట్ల మీద టీఎస్ పోయి టీజీ వచ్చిన ఏడాది. హైటెక్ సిటీకి నాలుగు సిగ్నళ్ల దూరంలో ఒక ఆర్టీఏ ఆఫీసు, దాని గేటుకు ఎదురుగా జిరాక్స్ షాపు, ఆ షాపు రేకు నీడలో నా బల్ల. నా బోర్డు మీద ‘ఆర్టీఏ కన్సల్టెంట్’ అని ఉంటుంది. జనం ఏజెంటు అంటారు. ఆఫీసు లోపలివాళ్లు ఇంకేదో అంటారు, అది ఇక్కడ రాయలేను.

ఐటీ కంపెనీలు మనుషుల్ని ఊళ్లు మారుస్తుంటాయి, మనుషులు బండ్లను వెంట తెచ్చుకుంటారు. బెంగళూరు, పుణె, చెన్నై నుంచి వచ్చినవాళ్లంతా నా బల్ల దగ్గర రెండే ప్రశ్నలు అడుగుతారు. లైసెన్సు మార్చాలా? బండి నంబరు మార్చాలా? నిజమైన జవాబు చిన్నది. లైసెన్సు ఏ రాష్ట్రంలో తీసుకున్నా గడువు తీరేదాకా దేశమంతా చెల్లుతుంది. బండి సంగతి అలా కాదు. వేరే రాష్ట్రంలో ఏడాదికి మించి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి. నేను చెప్పే జవాబు మాత్రం పొడుగ్గా ఉండేది. “రెండూ మార్చాలె సార్,” అనేవాణ్ణి. ఒక్క తలకు రెండు ఫైళ్లు. బడి మానేసినవాణ్ణే గానీ ఆ మాత్రం లెక్క వచ్చు.

బండి నంబరు మారాలంటే ముందు ఎన్ఓసీ కావాలి. ‘మాకేం అభ్యంతరం లేదు, తీసుకెళ్లండి’ అని పాత రాష్ట్రపు ఆఫీసు ఇచ్చే కాగితం అది. మేం దాన్ని అప్పగింతల కాగితం అంటాం. తర్వాత ఫారం 27, అంటే కొత్త నంబరు కోసం పెట్టుకునే దరఖాస్తు. ఆపైన చాసిస్ ప్రింట్. బండి ఒంటి మీద చెక్కిన నంబరుపై పల్చటి కాగితం పెట్టి, పెన్సిలుతో రుద్ది తీసే అచ్చు. ఇవన్నీ తేలికే. అందరూ బోల్తా పడేది అడ్రస్ ప్రూఫ్ దగ్గర. మన ఊళ్లో ఓనర్లు ఇల్లు ఇస్తారు, పార్కింగ్ ఇస్తారు, పండక్కి పులిహోర కూడా ఇస్తారు. రెంటల్ అగ్రిమెంటు అడిగితే మాత్రం కిడ్నీ అడిగినట్టు చూస్తారు.

దీనికి నేనొక మందు కనిపెట్టాను. మియాపూర్ బస్ డిపో వెనక నాకొక గది ఉంది. ఓనరు బాలమణమ్మ పైనుంటుంది. అప్పటికి పదేళ్లుగా అక్కడే ఉంటున్నా మా మధ్య ఒక్క కాగితం లేదు. అలాంటి గదికి నేనే ఓనరునని సంతకం చేసి, అదే గదిలో దిగినట్టు గిరాకీలకు అగ్రిమెంట్లు రాసిచ్చేవాణ్ణి. ఒక మంచం, ఒక స్టవ్, ఒక ఫ్యాను ఉన్న గదిలో కాగితాల మీద అరవై మంది దాకా సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు కాపురం ఉండేవారు. వాళ్ల బండ్ల రిజిస్ట్రేషన్ కాగితాలు, అంటే ఆర్సీ కార్డులన్నీ పోస్టులో నా గదికే వచ్చేవి. పోస్ట్‌మన్ నన్ను పేరు పెట్టి పిలవడం మానేసి “ఓ అపార్ట్‌మెంట్!” అని కేకేసేవాడు. నేను దీన్ని తప్పు అనుకోలేదు. పరాయి ఊరి నుంచి వచ్చినవాళ్లకు సాయం అనుకున్నాను. పైగా నా గది అంత గొప్పవాళ్లతో నిండిందని కాస్త గర్వం కూడా.

ఇలా ఉండగా ఒక సోమవారం పదకొండింటికి, వెనక రెండు అదనపు చక్రాలున్న స్కూటర్ వచ్చి నా బల్ల పక్కన ఆగింది. కర్ణాటక నంబరు. నడుపుతున్నావిడకు ముప్పై అయిదు దాకా ఉంటాయి. మెడలో కంపెనీ ట్యాగు. స్కూటర్ పక్కన క్లిప్పులు బిగించి రెండు ఊతకర్రలు.

“దిగండి మేడమ్, కూసోండి,” అని కుర్చీ జరిపాను.

“నేను కూర్చునే ఉండానన్నా. మీరే ఇట్ల రాండి,” అంది.

ఇరవై ఏళ్లలో మొదటిసారి నేను బల్ల వదిలి గిరాకీ దగ్గరికి నడిచాను. ఆమె పేరు శైలజ. ధర్మవరం అమ్మాయి. బెంగళూరులో తొమ్మిదేళ్లు పనిచేసి, పద్నాలుగు నెలల కిందట హైదరాబాదు వచ్చింది. నల్లగండ్లలో ఒంటరిగా ఉంటుంది. ఉద్యోగం టెస్టింగ్. అంటే ఇతరులు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం. ఆ మాట చెవిన పడినప్పుడే నేను జాగ్రత్త పడాల్సింది.

“లైసెన్సు కూడ మార్చాలె మేడమ్. కర్ణాటకది ఈడ నడవది,” అన్నాను అలవాటుగా.

“ఎవరు చెప్పినారు?”

“రూల్ మేడమ్.”

“ఏ రూలు?”

అంతవరకూ నన్ను ఎవరూ ‘ఏ రూలు’ అని అడగలేదు. జిరాక్స్ షాపు బోర్డు వైపు చూశాను. అక్కడ కలర్ ప్రింట్ల గురించే రాసి ఉంది.

“లైసెన్సు దేశమంతా చెల్లుతుందన్నా,” అంది శైలజ. “నాది ఇంకా ఆరేండ్లుంది. బండికే ఏడాది గడువు. అది దాటి రెండు నెలలైంది, ఆ తప్పు నాది. ఇప్పుడు మీరు చెప్పండి. తెలీక చెప్పినారా, తెలిసే చెప్పినారా?”

“రెండిటికీ నడుమ మేడమ్,” అన్నాను.

నవ్వింది. నవ్వుతూనే ఫైలు చేతిలో పెట్టింది. ఎన్ఓసీ, ఇన్సూరెన్సు, పన్ను మినహాయింపుకు వైకల్య ధ్రువపత్రం, అన్నీ ప్లాస్టిక్ కవర్లలో వరసగా ఉన్నాయి. నేను చేయాల్సిన పని ఆమే చేసుకొచ్చింది. లేనిది ఒక్కటే, చిరునామా రుజువు. ఓనరు అగ్రిమెంటు ఇవ్వనంటున్నాడు. ఆధార్‌లో ఇంకా ధర్మవరమే ఉంది. దాన్ని మార్చాలన్నా ఆ ఓనరు కాగితమే కావాలి.

తొందర ఎందుకంటే, అంతకు ముందు వారం గచ్చిబౌలి ఫ్లైఓవర్ కింద ట్రాఫిక్ ఎస్సై ఆపాడు. మర్యాదగానే మాట్లాడాడట. ఏడాది దాటిందమ్మా, ఈసారికి వదిలేస్తున్నా, మళ్లీ ఇదే నంబరుతో కనిపిస్తే బండి స్టేషన్‌లో పెట్టాల్సి వస్తుంది అన్నాడు.

“మరి మీరేమన్నరు?”

“బండిని ఎత్తుకపోతే నన్ను కూడా దాని మీదనే ఎత్తుకపోవాల సార్ అన్నా. ఇది లేకుంటే నేను ఆఫీసుకు పోలేను. మెట్రో మా దిక్కు రాదు, బస్సు మెట్లు నేను ఎక్కలేను, ఆటోవాళ్లు కర్రలు చూసి ఆపకుండానే పోతారు. ఆఫీసువాళ్లు వారానికి అయిదు రోజులూ రమ్మంటారు. బండి ఆగితే ఉద్యోగం ఆగినట్టే.”

“గింతేనా మేడమ్? ఫికర్ జేయకుండ్రి,” అని నా మందు తీశాను. “మియాపూర్ల నా గది ఉన్నది. అందులో మీరు కిరాయికి ఉన్నట్టు రాస్త. మూడు దినాల్ల నంబరు.”

“మీ గదిలో నేనెందుకుంటాను?”

“నిజంగ ఎవరుంటరు మేడమ్! కాగితం మీదనే.”

“కాగితం మీద కూడా ఉండను.”

“అందరూ ఉన్నరు మేడమ్, మంచి మంచి కంపెనీలోళ్లు.”

“అయితే ఇంకా ఇరుకు,” అంది. తర్వాత నవ్వడం ఆపింది. “చూడన్నా. రేపు నా బండిని ఎవరన్నా గుద్దినారనుకో. ఇన్సూరెన్సువాళ్లు, కోర్టువాళ్లు ఉత్తరం ఎక్కడికి పంపుతారు? మీ గదికి. ఆ దినం మీరు ఊర్లో ఉండరు. అప్పుడు నేనేం చేయాల?”

“ఫోన్ చేస్త కద మేడమ్.”

“మీ దగ్గరుండే అరవై మంది నంబర్లూ ఇప్పటికీ అవేనా?”

నా ట్రంకు పెట్టెలో ఎవరూ తీసుకుపోని ఆర్సీ కార్డులు ఏడో ఎనిమిదో మూలుగుతున్నాయి. ఫోన్ చేస్తే నంబరు మనుగడలో లేదని వస్తుంది.

“మా ఓనర్‌తో నేను మాట్లాడతా,” అంది. “మీరు ఫారం నింపి, తనిఖీకి స్లాట్ తీసిపెట్టండి. అడ్రస్ నల్లగండ్లదే రాయాల.”

“సరే మేడమ్, చూస్త,” అన్నాను. మా వృత్తిలో ‘చూస్త’ అంటే చూడనని అర్థం. ఖాళీ ఫారాలు ముందుకు తోసి సంతకాలు అడిగాను. అందరి దగ్గరా ముందే తీసుకోవడం మాకు ఆనవాయితీ. “నింపినాక పెడతా,” అని వెనక్కి తోసింది. నేల మీద పడుకుని, స్కూటర్ కిందికి దూరి చాసిస్ ప్రింట్ తీసిస్తే, వెలుతురులో పెట్టి చూసి, “చివరి అంకె సగమే పడింది. ఇంకోటి తియ్యండి,” అంది. చొక్కా నిండా దుమ్ముతో మళ్లీ పడుకున్నాను. జిరాక్స్ షాపాయన నవ్వు ఆపుకోలేక మిషను ఆపాడు.

స్లాట్ రోజు దాకా ఆమె ఓనరు మెత్తబడలేదు. ఇంకా అడుగుతున్నా, దొరక్కపోతే స్లాట్ రద్దు చేయండి అని నాకు మెసేజ్ పెట్టింది. నేను రద్దు చేయలేదు. ఫారం 27లో మియాపూర్ గది రాసి, దాని కింద నా అగ్రిమెంటు పెట్టి, ఓనరుతో పని లేని వేరే కాగితం దొరికింది రండి అని కబురు చేశాను. ఎందుకు చేశానంటే, ఆమె మంచికే అని అప్పుడు అనుకున్నాను. అసలు కారణం వేరే. అరవై మంది నోరెత్తకుండా చేరిన గదిని ఆమె ఒక్కతే వద్దనడం నాకు ఎక్కడో గుచ్చుకుంది.

ఆఫీసు వెనక ఖాళీ స్థలంలో బండ్ల తనిఖీ జరుగుతుంది. తనిఖీ చేసే అధికారిని కాగితాల్లో ఎంవీఐ అంటారు. పాతకాలం జనం ఇప్పటికీ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అనే పిలుస్తారు. ఆ రోజు ఆయన స్కూటర్ చుట్టూ తిరిగి, చాసిస్ నంబరు సరిచూసి, వెనక చక్రాలు ఊపి చూసి, “బాగుంది, సంతకం పెట్టిచ్చి ఫైలియ్యి,” అని నాతో అన్నాడు. వెనక పాతిక మంది లైను. ఎండ మండిపోతోంది. నాకు కావాల్సిన తొందర సరిగ్గా అదే. సంతకం పెట్టాల్సిన చోట పెన్సిలుతో ఇంటూ గుర్తు పెట్టుకొచ్చాను. ఫైలు స్కూటర్ సీటు ముందు పెట్టి, పై సగం అరచేత్తో కప్పి, “ఈడ మేడమ్, జల్ది,” అన్నాను.

“చెయ్యి తియ్యండన్నా.”

“లైన్ పెద్దగున్నది మేడమ్.”

“చెయ్యి తియ్యండి.”

తీశాను. చదివింది. అంత ఎండలో, అంత గోలలో, పై నుంచి కింది దాకా నింపాదిగా చదివింది. నేను వంగి గొంతు తగ్గించి, “ఒక్క సంతకం మేడమ్. ఇయ్యాల్టితోని అయిపోతది. రేపటి సంది ఎవ్వడూ మీ బండి ఆపడు,” అన్నాను.

ఆమె గొంతు తగ్గించలేదు. “సార్, ఇది నా ఇల్లు కాదు.”

ఇన్‌స్పెక్టర్ వెనక్కి తిరిగాడు. “మరి ఎవరిదమ్మా?”

ఒక ఊతకర్ర క్లిప్పు విప్పి, దాన్ని నా వైపు చూపించింది. “ఈయనది.”

ఆయన ఫైలు తీసుకుని ఇంటి నంబరు చదివాడు. ఇంకోసారి చదివి నన్ను చూశాడు. “సత్తీ, ఈ నంబరు నాకు యాదికున్నదిరా. పోయిన వారం పుణె నుంచి వచ్చినాయన గీ ఇంట్లనే ఉంటడు. అంతకు ముందు చెన్నై ఆయన, ఆయన భార్య. ఎన్ని అంతస్తులయ్యా నీ బిల్డింగు?”

“ఒక్కటే గది సార్.”

లైను లైనంతా నవ్వింది. రోజూ ఆ లైన్లను నవ్వించేది నేనే. ఆ రోజు కూడా నేనే నవ్వించాను.

ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు. “నీ బండి సక్కగున్నది, ఎన్ఓసీ సక్కగున్నది. అడ్రస్ సరైనది పట్టుకొని మల్ల స్లాట్ తీస్కో తల్లీ. గప్పటిదాంక ఫైలు వాపస్,” అని ఆమెకు చెప్పి, నా వైపు తిరిగాడు. “నువ్వు ఇగ ఆ ఇంటి నంబరుతోని నా ముంగటికి రాకు. వస్తే కేసే.”

గేటు బయట నాకు కోపం కట్టలు తెంచుకుంది. “ఒక్క సంతకం మేడమ్! అయిపోయిన పని! నా ఇజ్జత్ పాయె, మీ నంబరు పాయె. ఏం సాధించిండ్రు?”

ఆమె హెల్మెట్ పెట్టుకోబోతూ ఆగింది. “కాగితం దొరికింది రమ్మని అబద్ధం చెప్పి పిలిపించింది మీరు. గొంతు లేపాల్సింది నేను,” అంది. “నా కాగితాలన్నిట్లో నేను ఎవరో ఒకరింట్లోనే ఉండానన్నా. చదువప్పుడు మామ ఇల్లు, తర్వాత హాస్టలు, బెంగళూరులో మా అన్న ఇల్లు. ఈ ఒక్క ఇల్లే నేను వెతుక్కున్నది. మెట్లు లేని ఇల్లు ఈ ఊర్లో దొరకడమంటే ఏందో మీకు తెలీదు. గేటు దగ్గర ర్యాంపు పోయించుకున్నా, బాత్రూంలో కడ్డీ కొట్టించుకున్నా. దాన్ని కొట్టేసి మీ గది రాసుకోమంటారా? రేపు మా ఓనరు, నువ్వు మియాపూర్‌లో కదా ఉండేది, ఇక్కడ నీకేం పని అంటే?”

అప్పటికి గాని నాకు అర్థం కాలేదు. ఆ కాగితంలో ఆమెకు ఉన్నది స్కూటరు ఒక్కటే కాదు, ఇల్లు కూడా. నేను బండిని కాపాడబోయి ఇంటిని పోగొట్టబోయాను.

“శనివారం పదింటికి మా ఓనర్ దగ్గరికి పోదాం. మీరూ రావాల,” అంది.

“నేనెందుకు మేడమ్?”

“చెడగొట్టింది మీరు కదా.”

ఆ వారమంతా ఆమె అదే బండి మీద, అదే ఫ్లైఓవర్ కింది నుంచి ఆఫీసుకు వెళ్లింది. వేరే దారిలో పొమ్మని నేను సలహా ఇస్తే, “దాక్కొని పోయేదానికి నేనేం దొంగతనం చేసినానా? కాగితాలన్నీ బ్యాగులో ఉండాయి. ఆపితే చూపిస్తా, ఎత్తుకపోతానంటే దిగను,” అంది. రోజూ పొద్దున తొమ్మిదిన్నరకు నేను ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చునేవాణ్ణి. బండి ఆమెది, భయం నాది.

శనివారం నల్లగండ్ల వెళ్లాం. ఓనరు మూర్తిగారు గోదావరి జిల్లా మనిషి, సర్కారు ఉద్యోగం చేసి రిటైరయ్యారు. చెడ్డవారు కారు. ర్యాంపు పోయడానికి దగ్గరుండి సిమెంటు కలిపించింది ఆయనే. మాకు మజ్జిగ ఇచ్చి, మజ్జిగంత చల్లగానే కాదన్నారు.

“ఎన్నాళ్లైనా ఉండమ్మాయ్, నాకేం ఇబ్బంది లేదు. కాగితం మాత్రం అడక్కు. మా తోడల్లుడు ఇలాగే అగ్రిమెంటు రాసిచ్చి కోర్టుల చుట్టూ తిరుగుతున్నాడు. మాటంటే మాటేనండి మాకు,” అన్నారు, చివరి ముక్క నా వైపు చూసి.

నేను గొంతు సవరించుకున్నాను. “సార్, రూల్ ప్రకారం...”

“ఏ రూలండీ?”

ఆ ఇంట్లో గాలే అలాంటిదేమో.

“మీరెక్కడుంటారు?” అని ఆయనే అడిగారు.

“మియాపూర్ సార్.”

“సొంతిల్లా?”

“కిరాయి.”

“అగ్రిమెంటు ఉందా?”

ఎదుటివాడు ఏం అడిగినా ఏదో ఒకటి అంటించి నవ్వించే నోరు నాది. ఆ ప్రశ్నకు ఆ నోట్లో మజ్జిగ తప్ప ఏమీ మిగల్లేదు. “లేదు సార్,” అన్నాను.

“చూశావా అమ్మాయ్! ఈ పనిలో ఉన్నాయనకే లేదు. హాయిగా బతకడం లేదూ?”

శైలజ గ్లాసు కింద పెట్టింది. “ఆయనకు లేదు కాబట్టే సార్, ఆ గదిలో అరవై మంది ఉండారు.”

“అరవై మందా!”

“సత్తన్నా, మీ సంచిలో ఆ ఖాళీ కాగితాలు ఉండాయి కదా. సార్‌కు ఒకసారి రాసి చూపించండి. ఈ ఇంటి నంబరు వెయ్యండి.”

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నన్నెందుకు వెంట తెచ్చిందో తెలిసింది. కాగితం తీశాను, గేటు మీది నంబరు చూసి వేశాను, నోటికొచ్చిన పేరొకటి కిరాయిదారుగా రాశాను, ఓనరు అన్న చోట మూర్తిగారి పేరు పెట్టి గిలికాను. మజ్జిగ గ్లాసు మీది చెమట ఆరకముందే పని అయిపోయింది.

“సార్, మీ ఇంట్ల ఇప్పుడే రంగారావు అని ఒకాయన దిగిండు,” అన్నాను.

“ఎవరండీ ఆయన?” మూర్తిగారు కుర్చీలోంచి లేచారు.

“ఎవ్వరు గాదు సార్. కానీ ఈ కాగితంతోని ఆయన బండికి నంబరు అడగొచ్చు. ఆ బండి రేపు ఎవరినన్న గుద్దితే పోలీసులు వచ్చేది మీ గేటుకే.”

“నా సంతకం ఇలా ఉండదే!”

“మీ సంతకం ఎట్లుంటదో చూసేటందుకు మీరెవ్వరికీ అసలు కాగితం ఇయ్యలేదు గద సార్.”

మూర్తిగారు నా చేతిలోంచి కాగితం లాక్కుని నాలుగు ముక్కలు చేశారు. సరిపోలేదని ఎనిమిది చేశారు. శైలజ నెమ్మదిగా అంది: “సార్, ఈ ఇంట్లో ఎవరుండారో మీరు రాయకపోతే, ఆయన లాంటివాళ్లు రాస్తారు. నేను ఉండానని మీరు రాయండి. ఖాళీ చెయ్యమని అడగాలన్నా మీకు ఆ కాగితమే కావాల.”

ఆ మధ్యాహ్నమే స్టాంపు పేపరు వచ్చింది. ఇద్దరూ ఒక్కో వాక్యం మీద వాదించుకున్నారు. గోడలకు మేకులు కొట్టకూడదని ఆయన. తాను ఉన్నంతకాలం ర్యాంపు తీసేయకూడదని ఆమె. ర్యాంపు వాక్యం దగ్గర ఆయన కొంచెం నొచ్చుకున్నారు. “నేనెందుకు తీస్తానమ్మాయ్?” అంటే, “తీయరని తెలుసు సార్, అదే రాయండి,” అంది. సాక్షి సంతకం నన్ను పెట్టమన్నారు. ఇరవై ఏళ్లలో ఒక అగ్రిమెంటు మీద నా సొంత పేరుతో, సొంత సంతకం పెట్టడం అదే మొదలు.

రెండో స్లాట్‌లో అదే ఇన్‌స్పెక్టర్. అడ్రస్ చదివి, “నల్లగండ్ల. ఈడ ఎందరుంటరమ్మా?” అన్నాడు.

“నేనొక్కదాన్నే సార్.”

ఫైలు ముందుకు కదిలింది. కొన్ని రోజులకు కొత్త నంబరు వచ్చింది, ఆర్సీ కార్డు ఆమె గుమ్మానికే వెళ్లింది. అంతా కలిపి, మొదటి స్లాట్ నాటి నుంచి నెల రోజులు పట్టింది.

ఆ తర్వాత నేను నా గది ఖాళీ చేయించాను. అరవై మందికీ వరసగా ఫోన్ చేసి, “సార్, మీరు నా గదిలో ఉంటలేరు, జర మీ సొంత అడ్రస్‌కు మార్చుకోండ్రి” అని చెప్పాను. కొందరు తిట్టారు, కొందరు నవ్వారు, ఇద్దరు నా దగ్గరే మార్పించుకున్నారు. ఫోన్ కలవనివాళ్ల కార్డులు ఇన్‌స్పెక్టర్ ముందు పెట్టి, చెప్పాల్సిందంతా చెప్పాను. ఆయన నన్ను చాలాసేపు నిలబెట్టి తిట్టాడు. మూడు నెలలు గేటు లోపలికి రానివ్వలేదు. బల్ల దగ్గర కూర్చుని ఫారాలు మాత్రం నింపాను. ఇప్పుడు లైసెన్సు మార్చాలా అని ఎవరడిగినా, అక్కర్లేదు, గడువు చూసుకోండి చాలు అంటాను. ఏ రూలు అని అడిగితే అది కూడా చూపిస్తాను. చదువు మానేసిన ముప్పై ఏళ్లకు ఒక పుస్తకం కొన్నాను మరి.

చివరికి బాలమణమ్మ దగ్గరికి పోయి, నాకూ ఒక అగ్రిమెంటు కావాలన్నాను. పదేళ్లుగా లేనిది ఇప్పుడెందుకంటే, దాచకుండా అంతా చెప్పాను. ఆమె మెట్ల మీద కూర్చుని విని, “అరవై మందా!” అంది. “గందుకేరా మా బోరు ఎండింది.” సంతకం మాత్రం పెట్టింది.

ఈ కేసు ఏం నేర్పిందని అడిగితే, నేను అంతకాలం చిరునామా అంటే ఫారంలో ఒక గడి అనుకున్నాను. ఎలాగోలా నింపితే చాలనుకున్నాను. ఇష్టమొచ్చినట్టు బతకడానికి దారులు చూపేవాణ్ణని నాకు నేనే పేరు పెట్టుకున్నాను గానీ, ఇష్టమొచ్చినట్టు బతికింది ఆమె. ఆ రోజు ఎండలో, పాతిక మంది ముందు, ఒక్క సంతకంతో అయిపోయే పనిని కాదన్నది మొండితనమే. ఆ మొండితనం నా అరవై మందిలో ఒక్కరికి ముందే ఉండి ఉంటే నేను ముందే బాగుపడేవాణ్ణి.

పోయిన నెల కొత్తగూడ సిగ్నల్ దగ్గర రోడ్డు దాటుతుంటే పక్కన నాలుగు చక్రాల స్కూటర్ ఆగింది. టీజీ ప్లేటు తళతళలాడుతోంది. నాకు ఉత్సాహం ఆగలేదు.

“మేడమ్! ఎట్లున్నది మన నంబరు? ఏమన్న అనుండ్రి, నేను లేకుంటే వస్తుండెనా ఇది?”

హెల్మెట్ అద్దం పైకెత్తి, సిగ్నల్ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది.

“మన నంబరు కాదన్నా, నా నంబరు. మీరు లేకపోయింటే నెల ముందరే వచ్చుండేది.”